తెలుగుపల్లెలో ఇంటి అప్పు: పెరిగిన తీరు, తీరిన తీరు

అప్పులేనివాడే అధికబలుడని తెలుగువారి సామెత. ఆ బలము సంసారమునకు ఎప్పుడు మిక్కిలి కావలయునో అప్పుడే అది కొరవడుచుండును. పెండ్లియైన తొలి పది పండ్రెండేండ్లలో ఇంట తినువారు ఎక్కువ, సంపాదించు చేతులు తక్కువ. చంకలో బిడ్డయున్న తల్లి నాట్లకును కోతలకును తీరికగా పోజాలదు. పురుళ్లు, జ్వరములు, బడి ఖర్చులు ఒకదాని వెంట నొకటి వచ్చును. పెండ్లికి తెచ్చిన సొమ్మే అనేక సంసారములకు మొదటి అప్పు. కావున ఇంటి అప్పు చరిత్ర యనగా చాలవరకు పసిబిడ్డలున్న ఇంటి చరిత్రయే.

ఈ చరిత్ర కొంత ధర్మశాస్త్రములలోను, కొంత ప్రభుత్వ శాసనములలోను, కొంత పల్లెయిండ్ల పెట్టెలలోని పాత నోట్లకట్టలలోను ఉన్నది. దానిని వరుసగా చూచినచో ఒక సంగతి తేటపడును. పొదుపు ఒక్కటే అప్పును తీర్చలేదు. చట్టము ఒక్కటే తీర్చలేదు. వడ్డీకి ఒక హద్దు, వేళకు న్యాయముగా అప్పు దొరకు చోటు, ఇంట లెక్క చదువగల కన్ను, ఈ మూడును కూడినచోటనే అప్పు తీరినది. మూడింటిలో ఏ ఒకటి లోపించినను బిడ్డలు పెరిగినకొలది అప్పును వారితోపాటు పెరిగినది.

పూర్వధర్మము

మనుస్మృతి వ్యవహారములను పదునెనిమిదిగా విభజించి, వానిలో మొట్టమొదట ఋణాదానమును నిలిపినది. ఇచ్చిపుచ్చుకొనుటలోని తగవులే ఊరి తగవులలో మొదటివని ఆనాటి ధర్మకర్తలు ఎరుగుదురు. ఆ స్మృతియందే వడ్డీకి ఒక హద్దు కలదు. ఒక్కమారుగా పుచ్చుకొను వడ్డీ అసలును మించరాదు. అనగా అసలు, వడ్డీ కలిసి రెండింతలు దాటరాదు. ధాన్యము మొదలైనవానికి మాత్రము ఐదింతల వరకు పోనిచ్చిరి. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరిని అనుసరించి పదుమూడవ శతాబ్దమున కేతన విజ్ఞానేశ్వరీయమును తెలుగు పద్యములలో రచించెను. ధర్మశాస్త్రము అట్లు తెలుగుమాటలలోనికి వచ్చినది.

ఆ ధర్మమున మరియొక భాగము కలదు. తండ్రి చేసిన అప్పు, అది జూదమునకో దుర్వ్యసనమునకో చేసినది కానిచో, కొడుకు తీర్పవలెను. ఆంగ్లేయుల న్యాయస్థానములు ఈ నియమమును ఉంచినవి గాని, కొడుకు బాధ్యతను ఉమ్మడియాస్తిలో అతనికి గల భాగమునకు పరిమితము చేసినవి. అంతమాత్రముచేత కొడుకునకు ఊరట పెద్దగా లేదు. నాలుగెకరముల రైతు ఇంట కొడుకునకు ఉన్నదంతయు ఆ భాగమే. అది పోయినచో మిగులునది రెక్కల కష్టము మాత్రమే. 2005లో హిందూ వారసత్వ శాసనమును సవరించినప్పుడు, ఆ పిమ్మట చేయబడు అప్పుల విషయమున ఈ ధర్మబాధ్యత నొక్కదానినే ఆధారము చేసికొని కొడుకు మీద, మనుమని మీద, మునిమనుమని మీద దావా సాగదని నిర్ణయించిరి. అంతవరకు తొట్టెలోని మగబిడ్డ తండ్రి నోటుకు వెనుక నిలిచిన జామీనుదారువంటివాడే.

రెండింతల హద్దును బొంబాయి ప్రాంతపు న్యాయస్థానములు హిందువుల అప్పులకు పాటించినవి. మదరాసు రాజధాని జిల్లాలలో అది అమలు కాలేదు. కావున కొడుకు తీర్పవలెనన్న నియమము తెలుగు రైతునకు దక్కినది. వడ్డీ ఆగవలెనన్న నియమము దక్కలేదు.

నాగు, నోటు

పల్లెలో అప్పు రెండు రూపములు దాల్చెను. ఒకటి ధాన్యపు అప్పు. దానిని నాగు అందురు. వానకాలమున గాదె అడుగంటినప్పుడు గింజలు తెచ్చుకొని, పంట నూర్చినప్పుడు ఒకటికి ఒకటిన్నర కొలుచుట అనేక గ్రామములలో వాడుక. పిల్లలు పస్తుండగా తెచ్చిన గింజ గనుక బేరమాడుటకు నోరు రాదు. పుట్టెడు ధాన్యము నాగుకు తెచ్చినవాడు ఆ యేడు తీర్చినచో పుట్టిన్నర కొలుచును. పంట పోయి తీర్పలేకపోయినచో మరుసటి యేటికి అది రెండుంబాతిక పుట్లగును. మూడవయేటికి మూడు పుట్ల ఏడు తూముల రెండు కుంచములగును. తిన్నది ఒక పుట్టి. కొలువవలసినది మూడు పుట్లకు పైమాట.

రెండవది నగదు అప్పు, దానికి నోటు. నోటు మీద దావా వేయుటకు గడువు మూడేండ్లు. ఆ గడువు ముగియకముందే పాత నోటును తిరుగవ్రాయించుట షావుకార్ల ఆనవాయితీ. తిరుగవ్రాసిన ప్రతిమారును వడ్డీ అసలులో కలియును. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి నూరు రూపాయలు తెచ్చిన ఇంటిని చూడుడు. మూడేండ్లకు నోటు 172 రూపాయలకు మారును. ఆరేండ్లకు సుమారు 296 రూపాయలగును. తొమ్మిదేండ్లకు సుమారు 509 రూపాయలగును. పురిటికని నోటు వ్రాసినచో, ఆనాడు పుట్టిన బిడ్డ తొమ్మిదేండ్లు నిండి బడిలో కూడికలు నేర్చునప్పటికి నూరు ఐదునూరులైనది. నోటు మార్పక అదే వడ్డీని అసలు మీదనే కట్టినను 316 రూపాయలే. మిగిలిన 193 రూపాయలు కేవలము తిరుగవ్రాతవలన పుట్టినవి.

ఈ లెక్క కఠినమైనది కాదు. కాని దానిని వేయుటకు నోటును చదువగలుగవలెను. 1931 జనగణన నాటికి మదరాసు రాజధానిలో అక్షరాస్యులు నూటికి పదిమందికి అటునిటుగానే ఉండిరి. స్త్రీలలో మరియు తక్కువ. వేలిముద్ర వేసినవాడు తాను దేనికి ఒప్పుకొన్నాడో ఇతరుల నోట వినవలసినదే. షావుకార్లందరు మోసగాండ్రు కారు. ఆపద్వేళ అర్ధరాత్రి తలుపు తట్టినను లేచి సొమ్మిచ్చినవారు వారే. కాని ఒక్కడే లెక్క చదువగలిగినచోట ఆ లెక్క న్యాయముగా నుండుట అతని మంచితనము మీద మాత్రమే ఆధారపడును.

కాలువలు, మాంద్యము

1852లో ధవళేశ్వరము ఆనకట్టయు, 1855లో బెజవాడ ఆనకట్టయు ముగిసిన పిమ్మట డెల్టాలలో వరి విస్తరించినది. భూమి ధర పెరిగినది. భూమి ధర పెరిగినకొలది దానిపై పుట్టు అప్పును పెరిగినది. నీరెరుగని రాయలసీమలో 1876-78 నాటి కరవు రైతునకు ఎడ్లను, విత్తనమును లేకుండ చేసినది. ఒకచోట ఆశ, వేరొకచోట ఆపద; రెండును నోటు దగ్గరకే నడిపించినవి.

1929 తరువాత ప్రపంచ మాంద్యము వచ్చినప్పుడు ఈ రెండు ప్రాంతముల గతియు ఒక్కటైనది. ధాన్యము ధర నాలుగైదేండ్లలో సగమునకు దాపుగా పడిపోయెను. శిస్తు తగ్గలేదు, నోటు మీది అంకె తగ్గలేదు. పది బస్తాలమ్మి తీర్చుదమనుకొన్న అప్పునకు ఇరువది బస్తాలు కావలసివచ్చెను. రైతు ఏ కొత్త అప్పు చేయకయే అతని అప్పు రెండింతలైనది. 1929-30లో విచారించిన బ్యాంకింగు విచారణసంఘము రాజధానిలోని గ్రామీణ ఋణమును సుమారు 150 కోట్ల రూపాయలని అంచనా వేసెను. 1935లో సత్యనాథన్ తన నివేదికలో దానిని సుమారు 200 కోట్లని చెప్పెను.

సహకారము, 1938 శాసనము

వేళకు తక్కువ వడ్డీకి సొమ్ము దొరకు చోటు కావలెనన్న ఆలోచన అంతకు మునుపే పుట్టినది. ఫ్రెడెరిక్ నికల్సన్ అను అధికారి 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటముల నివేదిక వ్రాసి, జర్మనీలో రైఫైజన్ నెలకొల్పిన గ్రామసంఘముల తీరును ఇచ్చట అనుసరింపవలెనని సూచించెను. ఒకే ఊరివారు, ఒకరినొకరు ఎరిగినవారు, ఒకరికొకరు పూచీపడి అప్పు తీసికొనుటయే దాని మూలసూత్రము. 1904లోను 1912లోను సహకార శాసనములు వచ్చినవి. పల్లెలలో పరపతిసంఘములు లేచినవి. కాని పూచీకి భూమి చూపలేని ఇంటికి వాని తలుపు సులభముగా తెరువబడలేదు.

మాంద్యపు దెబ్బకు 1936లో ఋణరాజీ శాసనము వచ్చెను. అప్పులవాని, అప్పిచ్చినవాని నడుమ రాజీ కుదుర్చు బోర్డులకు అది త్రోవ చూపెను. 1937లో ఏర్పడిన రాజగోపాలాచారి మంత్రివర్గము మరుసటి యేడు మదరాసు వ్యవసాయదారుల ఋణవిమోచన శాసనమును తెచ్చినది. ఆ మంత్రివర్గమున రెవెన్యూమంత్రి టంగుటూరి ప్రకాశం. చిన్ననాట తండ్రి చనిపోగా తల్లి ఒంగోలులో పూటకూళ్ల యిల్లు నడిపి బిడ్డలను సాకుచుండగా పెరిగినవాడాయన.

ఆ శాసనపు ముఖ్యాంశములు పల్లెవారికి వ్రేళ్ల మీద లెక్కింపదగినవి. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పునకు 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీ అంతయు రద్దు. అసలుకు రెండింతలు ఏ రూపముననైనను చెల్లించియున్నచో అప్పు మొత్తము తీరినట్లే. నోటు ఎన్నిమార్లు తిరుగవ్రాసినను మొదట చేతికి వచ్చిన సొమ్మే అసలు. ఇకమీద వడ్డీ రూపాయికి నెలకు ఒక దమ్మిడీ, అనగా ఏడాదికి నూటికి ఆరుంబాతిక మించరాదు. వెనుక చెప్పిన నూరు రూపాయల నోటు ఈ రేటున తొమ్మిదేండ్లకు 156 రూపాయల నాలుగణాలు మాత్రమే అగును. స్మృతులనాటి రెండింతల హద్దు మదరాసు రైతునకు ఇన్నాళ్లకు దక్కినది.

అప్పిచ్చినవారిలోను బీదలుందురని శాసనకర్తలు మరువలేదు. వేరే ఆస్తి ఏమియు లేని స్త్రీకి రావలసిన అప్పు, అసలు 3,000 రూపాయలు మించనిచో, ఆ శాసనము దానిని ముట్టలేదు. భర్త పోయి, ఉన్న కొద్దిసొమ్మును వడ్డీకి త్రిప్పి పిల్లలను పెంచుకొను ఆడుదాని పొయ్యి ఆరిపోరాదని ఆ ఏర్పాటు.

అయినను శాసనమునకు రెండు లోపములుండెను. భూమిపై హక్కుగలవానినే అది వ్యవసాయదారుడని పిలిచినది. కూలివాని ఇంటికి ఆ మేలు అందలేదు. అప్పు తగ్గింపవలెనని కోరువాడు ఎప్పుడు ఎంత తెచ్చెనో, ఎప్పుడెంత ఇచ్చెనో చూపవలెను. చెల్లు వ్రాయించుకొననివాడు రెండింతలు ఇచ్చియున్నను ఇచ్చినట్లు ఋజువేమి? చట్టము తానై ఇంటికి నడిచిరాదు. దానిని చదివి పిలువవలెను.

తెలంగాణమున భగేలా

నైజాము రాజ్యమున తెలంగాణ పల్లెలలో కూలివాని అప్పు మరింత క్రూరమైన రూపము తాల్చెను. పెండ్లికో చావునకో దొరవద్ద కొద్దిసొమ్ము తీసికొన్నవాడు ఆ అప్పు తీరువరకు అతని ఇంట పాలేరుగా నుండవలెను. దీనికి భగేలా అని పేరు. కూలి తిండికి చాలదు గనుక అప్పు తీరదు. తండ్రి ముసలివాడైనచో కొడుకు ఆ కాడి క్రింద మెడపెట్టును. పెండ్లికి తీసికొన్న అప్పును ఆ పెండ్లివలన పుట్టిన బిడ్డ ఒంటితో తీర్చుటకంటె విషాదము లేదు. 1936లో భగేలా ఒప్పందములను అదుపుచేయు నిబంధనలు హైదరాబాదు రాజ్యమున వచ్చినవి. కాని ఆచారము వెంటనే ఆగలేదు. 1976 నాటి కేంద్ర శాసనము దేశమంతట వెట్టిచాకిరిని రద్దుచేసి, దానికి మూలమైన అప్పునుకూడ రద్దుచేసినది. మరుసటి యేడు, 1977లో, ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన ఋణవిమోచన శాసనము చిన్నరైతులతోపాటు భూమిలేని కూలీలను, గ్రామీణ చేతిపనివారిని పేరుపెట్టి చేర్చుకొన్నది. 1938లో వాకిట నిలిచిపోయిన ఇండ్లు దాదాపు నలువదేండ్లకు లోపలికి వచ్చినవి.

స్త్రీల పొదుపు

1951-52లో జరిగిన అఖిల భారత గ్రామీణ పరపతి పరిశీలన నివేదిక 1954లో వెలువడెను. రైతులు తెచ్చు అప్పులో సహకారసంఘముల వంతు నూటికి 3.1 మాత్రమే, వడ్డీవ్యాపారుల వంతు సుమారు 70. అర్ధశతాబ్దపు సహకారమునకు ఆ అంకె అద్దము పట్టెను. 1969లో పదునాలుగు బ్యాంకులు జాతీయమైనవి. 1975 నుండి గ్రామీణ బ్యాంకులు పుట్టినవి. బ్యాంకు మెట్టు పల్లెకు దగ్గరైనది గాని, పట్టాలేని స్త్రీకి అది ఇంకను ఎత్తుగానే ఉండెను.

ఆ మెట్టు దిగివచ్చిన కథ నెల్లూరు జిల్లాలో అక్షరముతో మొదలగుట గమనింపదగినది. 1990 ప్రాంతమున ఆ జిల్లాలో సంపూర్ణాక్షరాస్యతోద్యమము నడిచెను. రాత్రిబడి వాచకములో సీతమ్మ కథ యను పాఠమును చదివిన స్త్రీలు తమ ఇంటి కథను అందులో చూచుకొనిరి. కూలి డబ్బు సారాదుకాణమునకు పోవుచుండగా పిల్లలకు గంజి లేకుండుట వారి అనుభవమే. 1992లో దూబగుంట స్త్రీలు సారాను తమ ఊరినుండి తరిమిరి. ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధింపబడెను. సారాకు పోని రూపాయిని ఏమి చేయవలెనను ప్రశ్నకు వారే జవాబు చెప్పిరి. దినమునకు ఒక రూపాయి చొప్పున సంఘములో దాచిరి. దానికి పొదుపులక్ష్మి యని పేరు. 1992లోనే నాబార్డు స్వయంసహాయక సంఘములను బ్యాంకులతో కలుపు ప్రయోగమును దేశమున మొదలుపెట్టినది. 2004 నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సక్రమముగా తీర్చు సంఘములకు పావలా వడ్డీ, అనగా ఏడాదికి నూటికి మూడు రూపాయలు మాత్రమే పడునట్లు చేసినది. రెండు రూపాయల వడ్డీలో ఎనిమిదవ వంతు అది.

ఈ నమ్మకముపైననే మరల దెబ్బ పడినది. సూక్ష్మఋణ సంస్థలు ఒకే ఇంటికి ఒకదానిపై నొకటి అప్పులిచ్చి వారము వారము వసూలు చేసినవి. ఒక సంస్థకు కట్టుటకు వేరొక సంస్థ వద్ద తెచ్చినవారు అనేకులు. ఆత్మహత్యల వార్తలు రాగా 2010 అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సును, పిమ్మట 2011 శాసనమును తెచ్చెను. వడ్డీరేటును అందరికి కనబడునట్లు వ్రాసి పెట్టవలెనని, వాయిదా నెలకొకమారు ఉండవలెనని, వడ్డీ అసలును మించరాదని అందు నిర్ణయించిరి. మనువు చెప్పినదియు, 1938 శాసనము చెప్పినదియు ఆ హద్దే. 2022లో రిజర్వు బ్యాంకు సూక్ష్మఋణములకు వేరొక హద్దు చేర్చినది: ఒక ఇంటివారు అన్ని అప్పులకు కలిపి నెలకు కట్టు మొత్తము ఆ ఇంటి నెలరాబడిలో సగమును మించరాదు. అప్పును మనిషిని బట్టి కాక ఇంటిని బట్టి, ఆ ఇంట తినవలసిన నోళ్లను బట్టి చూడవలెనన్న ఆలోచన అందు కనబడును.

ఇంటిలెక్క

శాసనములిన్ని వచ్చినను, చివరకు అప్పు తీర్చినది ఇల్లే. తీర్చిన ఇండ్ల తీరులో కొన్ని సామాన్యలక్షణములు కలవు. మొదటిది, వారు నోటు తిరుగవ్రాయుటను ఆపిరి. పంటపంటకు వడ్డీనైనను కట్టి అసలు పెరుగకుండ చూచిరి. రెండవది, ఇచ్చిన ప్రతిపైకమునకు నోటు వెనుక చెల్లు వేయించిరి. చెల్లువలన షావుకారునకు గడువు పెరుగుట నిజమే. కాని ఇచ్చినది ఇచ్చినట్లు నిలుచుటయు దానివలననే. మూడవది, పలు అప్పులున్నప్పుడు మొగమాటమున్నచోట కాక వడ్డీ ఎక్కువగా నున్నచోట ముందు తీర్చిరి. నాలుగవది, పాలు, పెరటికూరలు, కోళ్లు మొదలైన చిల్లర రాబడిని ఇల్లాలు వేరుగా ఉంచి దానిని వాయిదాకే కేటాయించెను. ఐదవది, తీరిననాడు నోటును తిరిగి పుచ్చుకొని చించివేసిరి. కొందరు అప్పు తీర్చియు నోటు వదలి, బిడ్డలకాలమున మరల అదే నోటుకు జవాబు చెప్పుకొనవలసివచ్చెను.

వీటిలో ఏ ఒక్కటియు పెద్ద చదువు కోరదు. కూడిక, తీసివేత, నూటికింతయను లెక్క, చేవ్రాలు పెట్టకముందు కాగితమును చదువగలుగుట, ఇవి చాలును. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టిననాడు అయ్యంకి వెంకటరమణయ్య మొదలైనవారు తలపెట్టిన పని పుస్తకములను బీరువాలలో దాచుట కాదు; అక్షరమును ఊరివాకిటకు తెచ్చుట. చదువురానివానికి పత్రిక చదివి వినిపించుట, అతని కాగితము చదివి అర్థము చెప్పుట పల్లెగ్రంథాలయమునకు పుస్తకములిచ్చుటతో సమానమైన సేవ.

వడ్డీకి హద్దు పెట్టుట ప్రభుత్వము పని. న్యాయముగా అప్పిచ్చుట సంఘము పని, బ్యాంకు పని. మూడవదైన కన్ను తెరువుట ఊరు తనంతట తాను చేసికొనదగిన పని. తొమ్మిదేండ్ల బిడ్డ బడిలో నేర్చిన కూడికతో తండ్రి నోటు లెక్కను సరిచూడగలిగిననాడు, ఆ నోటు ఆ బిడ్డ తలమీదికి రాకుండ ఆగును.